సీమలో ఏముంది అని అడిగినందుకు

ఈ ప్రశ్న అడిగిన అబ్బాయిది కోనసీమ. బ్యాంకులో వ్యవసాయ అధికారిగా ఉద్యోగం, మొదటి పోస్టింగే కదిరి వేశారట. వాళ్లమ్మగారికి టెన్షన్ పట్టుకుంది, "ఎండలు, రాళ్లు, గొడవలు తప్ప అక్కడేముందిరా" అని. తను అడిగింది మాత్రం వేరే. రాయలసీమవాళ్లు హైదరాబాద్‌లో ఉన్నా, అమెరికాలో ఉన్నా "మా సీమ" అని అంత ఇదిగా మాట్లాడతారే, ఆ నేలలో వాళ్లకు కనిపించేది ఏంటి, బయటినుంచి వచ్చినవాడికి అది కనిపిస్తుందా, కనిపించాలంటే ఎక్కడ చూడాలి అని.

నాది చిత్రావతి ఒడ్డున తాడిమర్రి దగ్గర పల్లె. భూగర్భ జలాల శాఖలో చేరి, బావులూ బోర్లూ కొలుచుకుంటూ అనంతపురం, కడప, కర్నూలు మూడు జిల్లాలూ తిరిగి అక్కడే రిటైరయ్యాను. 2022లో జిల్లాలు విడగొట్టారు, కదిరి ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా, బెలుం నంద్యాల జిల్లా. నా నోటికి పాత పేర్లే వస్తాయి. మా అబ్బాయి వయసు ఉంటుంది నీకు, అందుకే నువ్వు అంటున్నా, ఏమీ అనుకోవద్దు.

కనిపిస్తుంది నాయనా. కాకపోతే చూసే పద్ధతి మార్చుకోవాలి. మీ దగ్గర ముందు నీళ్లు కనిపిస్తాయి, తర్వాతే నేల. కాలవ గట్టు మీద నిలబడితే ఊరి సంగతి సగం తెలిసిపోతుంది. మా దగ్గర నీళ్లు పైకి కనిపించవు. రాతి పగుళ్లలో ఉంటాయి, ఏటి ఇసక కింద ఉంటాయి, వందల ఏళ్ల కింద ఎవరో కట్టిపోయిన చెరువుల్లో ఉంటాయి. వాటిని వెతుక్కుంటూనే మావాళ్లు తరతరాలుగా బతికారు. మా కొండలు ఎందుకు అట్లా ఉన్నాయో, మా ఊళ్లు ఎందుకు అక్కడ పుట్టాయో, మా మనుషులు ఎందుకు అట్లా మాట్లాడతారో, అన్నిటికీ నీళ్ల జాడ పట్టుకుని పోతేనే జవాబు దొరుకుతుంది. నేను జీతం తీసుకుని చేసిన పని అదే కాబట్టి నాకు ఆ దారి బాగా తెలుసు.

అనంతపురంలో ఏడాదికి సగటున పడేది 550 మిల్లీమీటర్ల దరిదాపు. మీ కోనసీమలో దానికి రెట్టింపు పడుతుంది. నైరుతి మేఘాలు పడమటి కనుమల దగ్గరే చాలావరకు ఖాళీ అయి ఇటు వస్తాయి, ఈశాన్యం వానలేమో బంగాళాఖాతం నుంచి ఇక్కడికి చేరేసరికి బలం తగ్గిపోతాయి. రెండిటికీ చివర్న ఉన్నాం. ఆ పడేదైనా సర్దుకుని పడదు. ఒక ఏడు జూన్‌లో ఆశపెట్టి జులై అంతా మొహం చాటేస్తుంది, ఇంకో ఏడు పైరు ఎండినాక అక్టోబర్‌లో తుఫాను పట్టి రెండు రోజుల్లో చెరువు కట్టలు తెగేంత కొడుతుంది. "ఉత్తర చూసి ఎత్తర గంప" అన్న సామెత వినే ఉంటావు. ఉత్తర కార్తె దాకా చూడు, అప్పటికీ వాన రాకుంటే గంప ఎత్తుకుని ఊరు దాటు అని. మా దగ్గర అది మాటవరసకు అనే సామెత కాదు, ఆ పని చేసినవాళ్లు ప్రతి ఇంట్లోనూ ఉన్నారు.

చెలమ తవ్వడం ఎప్పుడైనా చూశావా? ఎండాకాలంలో పెన్నలోనైనా చిత్రావతిలోనైనా కంటికి ఆనేది ఒట్టి ఇసకే. మా చిన్నప్పుడు తెల్లారకముందే ఆడవాళ్లు బిందెలు, కొబ్బరి చిప్పలు తీసుకుని ఏట్లోకి దిగేవాళ్లు. ఇసక రంగు చూసే తేమ ఎక్కడుందో చెప్పేవాళ్లు. చేత్తోనే తోడేవాళ్లు, మంచి ఏడైతే మోచేతి లోతు, చెడ్డ ఏడైతే నడుం లోతు. మొదట ఊరే నీళ్లు మడ్డిగా ఉంటాయి, చిప్పతో తోడి బయటికి చల్లేస్తారు. రెండోసారి ఊరినవీ పారబోస్తారు. మూడోసారికి అడుగున ఇసక రేణువులు కనిపించేంత తేటగా ఊరుతాయి. అప్పుడు బిందె మూతికి గుడ్డ కట్టి, చిప్పను అంచు మాత్రమే ముంచి, కొంచెం కొంచెం పోస్తారు. తొందరపడి చిప్ప అడుక్కి తగిలించామా, మళ్లీ మడ్డి లేస్తుంది, మా జేజి (నాయనమ్మ) నెత్తిమీద ఒకటి మొట్టేది. బిందె నిండినాక చెలమను పూడ్చేవాళ్లు కాదు, వెనకాల నిలబడినవాళ్లకు వదిలి పక్కకు జరిగేవాళ్లు. పశువులకు చెలమ వేరే, అది ఎప్పుడూ ఏటి దిగువ వైపే తవ్వాలి. ఈ కట్టుబాటు ఎక్కడా రాసి లేదు, ఎవరూ తప్పేవాళ్లు కాదు.

తర్వాత చదువుకున్నాక అర్థమైంది, ఆ ఇసకే మా రిజర్వాయరు అని. ఎండకు ఆవిరి కాకుండా, వరద నీటిని రేణువుల సందుల్లో పట్టి ఉంచి, ఒడ్డు బావులకు మెల్లగా ఇస్తుంది. లారీలకు లారీలు ఇసక తోలుకుపోయాక ఏరు అడుక్కి దిగిపోయింది, ఒడ్డు బావులు ఎండిపోయినాయి. ఇసక పోవడమంటే నీళ్లు పోవడం ఒక్కటే కాదు, నీళ్లు దాచుకునే చోటే పోవడం. ఏ ఊరికి పోయినా ఈ మాట చెప్పకుండా రాలేను.

ఇంక రాళ్లు. అమ్మగారు రాళ్లు అన్నది నిజమే, అయితే ఆ రాళ్లన్నీ ఒకటి కాదు. కదిరి చుట్టూ ఉండేది గ్రానైటు, నైసు జాతి రాయి, 250 కోట్ల ఏళ్ల దరిదాపు వయసు. గుట్టల మీద పెద్ద పెద్ద గుండ్లు ఇప్పుడో ఇంకాసేపటికో దొర్లేటట్టు నిలబడి ఉంటాయి. రాయికి ఉన్న పగుళ్ల వెంట నీళ్లు దిగి, మూలలు అరిగి అరిగి అట్లా గుండ్రంగా తేలినాయి. ఈ రాయి తనలో నీళ్లు పట్టుకోదు, పగులు ఉన్నచోటే నీళ్లు. అందుకే ఒక చేలో బోరు పడితే గట్టు అవతల చేలో పడదు. దానికి ఎవరి పాపమూ కారణం కాదని ఎంతమంది రైతులకు చెప్పానో.

ఆ రాళ్ల అందం చూడాలంటే వానలు పడ్డాక సెప్టెంబర్, అక్టోబర్‌లో సాయంత్రం నాలుగు దాటాక బయలుదేరు. గుండ్ల మధ్య పచ్చగడ్డి మొలిచి ఉంటుంది, సీతాఫలం చెట్లు కాయలతో ఉంటాయి, ఎర్రనేల తడిసి ముదురు రంగు తిరిగి ఉంటుంది. పొద్దు వాలేకొద్దీ గుండ్లు ముందు పసుపు రంగుకు, తర్వాత రాగి రంగుకు మారతాయి. మే నెలలో వచ్చి చూసి సీమంతా బూడిద అనుకుని పోయేవాళ్లను చూస్తే నాకు ఉసూరుమంటుంది.

కదిరి నుంచి పులివెందుల మీదుగా కడప వైపు పోతే కొంత దూరానికి గుండ్లు మాయమైపోతాయి, పొరలు పొరలుగా ఉండే కొండలు మొదలవుతాయి. బండి ఆపి చూడాల్సిన మార్పు అది. అక్కడినుంచి కడప బేసిన్. వంద కోట్ల ఏళ్లకు ముందు అదంతా సముద్రం, దాని అడుగున పేరుకున్న ఇసక, బురద, సున్నం గట్టిపడి కొండలైనాయి. వేంపల్లె దగ్గర గండి అని ఆంజనేయస్వామి క్షేత్రం ఉంది, అక్కడ పాపాఘ్ని నది కొండను కోసుకుని బయటపడుతుంది. జనం స్వామిని చూడ్డానికి పోతారు, భూగర్భ శాస్త్రం చదివే పిల్లలు ఆ కొండ కోతను చూడ్డానికి పోతారు. నువ్వు రెండూ చూడు.

జమ్మలమడుగు దగ్గర గండికోట ఫొటోల్లో చూసే ఉంటావు. పెన్న ఎర్రమల కొండల్ని కోసిన లోయ, రెండు పక్కలా రాయి నాపరాళ్లు పేర్చి కట్టిన గోడలాగా నిలువునా లేచి ఉంటుంది. ఫొటోలో రానిది దాని చప్పుడు. అంచున కూర్చుంటే కింద నీటి మీద నుంచి వచ్చే గాలి రాతి సందుల్లో దూరి ఒక రకంగా ఊళ వేస్తుంది, అవతలి గట్టున మేకలు కాసే పిల్లవాడు కేకేస్తే ఇవతల వినపడుతుంది. కోట లోపల మాధవరాయ గుడి, జామియా మసీదు, ధాన్యాగారం అన్నీ దగ్గరదగ్గరే ఉంటాయి. పెమ్మసాని నాయకుల చేతిలో ఉన్న ఆ కోటను 1650లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా పట్టుకున్నాడు, 1652లో ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియే అక్కడికి వచ్చి చూసి రాసిపెట్టాడు. కోటలో ఇప్పటికీ చిన్న ఊరుంది, మనుషులు కాపురాలు చేస్తున్నారు. జనం ఆ సంగతి మర్చిపోయి వాళ్ల ఇళ్ల ముందు సీసాలు పారేసి పోతారు. నువ్వు అట్లా చేయవనే నమ్మకం.

కొలిమిగుండ్ల దగ్గర బెలుం గుహలకు తప్పకుండా పో. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రవేత్త వాటి గురించి రాశాడు, 1980లలో జర్మన్లు వచ్చి కొలిచారు, 3,229 మీటర్ల పొడవు. నీళ్లు లేని సీమ అంటారు కదా, అంత గుహను సున్నపురాయిలో కరిగించి కరిగించి తొలిచింది నీళ్లే. లోపల పాతాళగంగ అనే చోట సన్నటి ధార కిందికి దిగిపోతూ ఉంటుంది. ఉక్కగా ఉంటుంది, పొద్దున్నే పో.

ఇదంతా దేవుడిచ్చింది. మనుషులు చేసింది చూడాలంటే చెరువులు చూడాలి. నన్నడిగితే మా సీమకు అన్నిటికన్నా గొప్ప కట్టడం ఏ కోటా కాదు, కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు. 1369లో విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కరుడు కట్టించాడు. అక్కడ వేయించిన శాసనంలో చెరువు కట్టడానికి కావాల్సిన పన్నెండు అంశాలు చెప్పాడు. ధర్మబుద్ధి ఉన్న రాజు, నీటి శాస్త్రం తెలిసిన మనిషి, గట్టి నేల, తియ్యటి నీళ్లు తెచ్చే ఏరు, కట్టకు ఆనుకునే కొండలు, దగ్గర్లో రాతి గని, ఇట్లా. చెరువుకు వచ్చే ఆరు దోషాలు కూడా చెప్పాడు, కట్ట నుంచి నీళ్లు కారడం, చౌడు నేల, నీళ్లకు మించిన ఆయకట్టు వంటివి. రెండేళ్ల పాటు వెయ్యి మంది కూలీలు, నూరు బండ్లు పనిచేశాయని లెక్క కూడా రాసిపెట్టాడు. నేను ఉద్యోగంలో చదివిన మాన్యువల్‌లో ఉన్నది దాదాపు అదే. మొదటిసారి ఆ అనువాదం చదివి రాత్రంతా నిద్రపోలేదు, మావాళ్లకు ఇంత తెలుసా అని. కదిరి బ్రాంచిలో కూర్చున్నా అక్కడ ఏ ఊరికి పోయినా ముందు చెరువు కట్ట ఎక్కు. తూము ఎక్కడుందో, మరవ (చెరువు నిండాక నీళ్లు పొర్లిపోయే దారి) ఎటు పోతుందో చూడు. ఆ ఊరి పెద్దమనిషి ఎవరో కూడా అక్కడే తెలుస్తుంది, కట్ట మీద చింతచెట్టు కింద కూర్చుని ఉంటాడు.

తెలుగులో ఇప్పటిదాకా దొరికిన తొలి శాసనం కూడా ఇక్కడిదే, ఎర్రగుంట్ల దగ్గర కలమళ్లలో 575 నాటిది, రేనాటి చోళులు వేయించింది. మా భాషను బయట వెక్కిరిస్తే ఆ ఊరిపేరు చెప్పు చాలు.

ఇప్పుడు మనుషుల సంగతి. నీ ఉద్యోగం వాళ్లతోనే కాబట్టి ఇది కొంచెం వివరంగా చెప్తా. జూన్, జులైలో నీ టేబుల్ ముందు కూర్చునేవాళ్లలో ఎక్కువమంది చెనిక్కాయ రైతులు. వేరుశనగ అంటారు మీరు. బయటివాళ్లు "ఎన్నిసార్లు నష్టపోయినా అదే పంట వేస్తారేంటి" అంటారు. రెండడుగులు తవ్వితే గరప తగిలే ఎర్రనేలలో, రెండు వానలకే గింజ పట్టుకుని, గింజ చేతికి రాకపోయినా పశువులకు కట్టె (ఎండుమేత) అయినా మిగిల్చే పంట ఇంకోటి చూపించడం అంత తేలిక కాదు. కదిరి వ్యవసాయ పరిశోధన కేంద్రం వాళ్లు ఇచ్చిన కదిరి 6, కదిరి లేపాక్షి లాంటి రకాల పేర్లు ముందే నేర్చుకో, రైతు నిన్ను వెంటనే మనిషిగా లెక్కేస్తాడు. వాన పడిన మర్నాడు రైతు చేలోకి పోయి పిడికెడు మట్టి తీసి ముద్ద చేసి వదులుతాడు. ముద్ద పగిలే తీరు చూసి పదును ఉందో లేదో చెప్తాడు, గొర్రు కట్టాలో వద్దో తేలుస్తాడు. ఆ ఒక్క పిడికిలి మీద విత్తనాల ఖర్చు, నీ బ్యాంకు అప్పు, కూతురి పెళ్లి అన్నీ ఆధారపడి ఉంటాయి.

తలుపుల వైపు ఒక పల్లెలో చూసిన సంగతి చెప్తా. వేసవి చివర, చీనీ తోట కాపాడుకోవడానికి ఒక రైతు బోరు వేయిస్తున్నాడు. (బత్తాయి అంటారు మీరు.) అప్పటికే తోటలో ఉన్న బోర్లు ఎండిపోయినాయి. తిరుచెంగోడు రిగ్గు, తమిళ పిల్లలు పనిచేస్తున్నారు. నేను పక్క ఊరి బావి కొలవడానికి పోతూ ఆగాను. రిగ్గు దిగేకొద్దీ పైకి తెల్ల దుమ్ము వస్తుంది, అక్కడున్న అందరి జుట్టు, కనుబొమ్మలు తెల్లబడిపోయినాయి. ఆ దుమ్ము కొంచెం తడిగా వచ్చిందంటే నీళ్ల జాడ ఉన్నట్టు. రాడ్డు మార్చినప్పుడల్లా ఆ రైతు దోసిలి పట్టి దుమ్మును వేళ్ల మధ్య నలిపి చూసుకుంటున్నాడు. ఐదువందల అడుగులు, ఆరువందలు, ఎనిమిదివందలు. పొడే. రిగ్గు ఆపేశారు. అడుగుకు ఇంత అని కట్టాల్సిన డబ్బంతా అప్పు. ఎవరూ మాట్లాడలేదు. నీళ్లు పడతాయని పొద్దుటి నుంచి వాళ్లావిడ వండిన సంగటి, నాటుకోడి పులుసు గంపలో పెట్టుకుని అప్పుడే గట్టు మీద నుంచి వస్తోంది. ఆయన మొహం కడుక్కుని, ఆ తమిళ పిల్లల్ని పిలిచి చెట్టు కింద కూర్చోబెట్టి తనే వడ్డించాడు. ఒక పిల్లవాడు మొహమాటపడి చెయ్యి పెట్టకపోతే, "నేలలో లేకుంటే నువ్వేం చేస్తావు నాయనా, తిను" అన్నాడు. ఆ వేసవి గట్టవతలి రైతు రాత్రిపూట కరెంటు వచ్చినప్పుడు తన బోరు నుంచి పైపు వేసి ఆ చీనీ చెట్లకు తడి ఇచ్చాడు. వాళ్లిద్దరి మధ్య గట్టు తగాదా ఉందని, అంతకుముందు రెండేళ్లుగా మాటల్లేవని తర్వాత తెలిసింది. చెట్టు ఎండుతుంటే చూస్తూ ఊరుకోలేకపోయాడు, అంతే.

నేను మా సీమను ఎందుకు ప్రేమిస్తానంటే ఇందుకు.

ఇట్లాంటి గుణం ఇప్పటిది కాదు. 1866 కరువులో ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి తన ధాన్యమంతా బయట పెట్టి వేలమందికి అన్నం పెట్టాడు, విక్టోరియా రాణి బంగారు పతకం పంపింది, జనం ఆయన మీద పాటలు కట్టి ఇప్పటికీ పాడుతున్నారు. తర్వాత పదేళ్లకే వచ్చిన ధాత కరువు, 1876-78లో, ఊళ్లకు ఊళ్లు తుడిచిపెట్టింది. అన్నం విలువ మావాళ్లకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. ఇంటికి వచ్చినవాడిని ముందు "అన్నం తిన్యావా" అనే అడుగుతారు, పని సంగతి తర్వాత. పెడితే తిను, వద్దంటే నొచ్చుకుంటారు. పొద్దున పూట హోటల్లో ఉగ్గాని, మిరపకాయ బజ్జీ అడుగు. బొరుగులు (మరమరాలు) నీళ్లలో ముంచి పిండి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి తాలింపులో వేసి, పైన పప్పుల పొడి చల్లి ఇస్తారు. సంగటిలోకి చెనిక్కాయల ఊరిబిండి (పచ్చడి) ఉంటే కూర అడగవు.

గొడవల సంగతి. దాచేదేం లేదు, ఫ్యాక్షన్ ఉండింది, కొన్ని ఊళ్లలో కొన్ని కుటుంబాలు నాశనమైపోయినాయి, ఎందరో ఆడవాళ్లు పసుపు కుంకాలు పోగొట్టుకున్నారు. దాన్ని మీసం మెలేసి గొప్పగా చెప్పుకునేవాడు ఎవడైనా సరే వాడికి దూరంగా ఉండు. కానీ సినిమావాళ్లు ఆ కొన్ని ఊళ్ల మొహాన్ని తెచ్చి వేల ఊళ్లకు తగిలించారు. మా పిల్లలు చదువుకోడానికి పోయినచోట "మీ ఇంట్లో బాంబులుంటాయా" అని అడిగితే ఆ పిల్లలు నవ్వి ఊరుకుంటారు, నాకు మాత్రం కోపమే. ఊరుగాని ఊళ్లో చీకటిపడి జీపు ఆగిపోయినప్పుడల్లా ఎవరో ఒకరు మిద్దె మీద మంచం వేసి, మజ్జిగ చెంబు పక్కన పెట్టిపోయారు. పేరు కూడా అడగనివాళ్లున్నారు.

కులం, పేదరికం, వలస, ఇవన్నీ కూడా ఉన్నాయి. ప్రేమ ఉందని వాటిని దాచను. కోసిగి, ఆదోని, ఆలూరు వైపు వాన లేకపోతే సుగ్గికి పోతారు, గుంటూరు మిరప కోతలకు. పిల్లల్ని కూడా తీసుకుపోతారు, బడిలో బెంచీలు ఖాళీ. ఇళ్లకు తాళాలు, అరుగుల మీద ముసలివాళ్లు. మా కదిరి వైపువాళ్లు బెంగళూరు, కేరళ దాకా పోతారు. ఇప్పుడు శ్రీశైలం వెనక జలాల నుంచి కృష్ణా నీళ్లు హంద్రీ-నీవా కాలవలో ఎత్తిపోసుకుంటూ అనంతపురం జిల్లాలోకి వస్తున్నాయి, కదిరి దగ్గర చెర్లోపల్లి రిజర్వాయరు చూడు. కాలవలో నీళ్లొచ్చినప్పుడు మా ఆడవాళ్లు పసుపు, కుంకుమ, రవికె గుడ్డ పెట్టి హారతి ఇస్తారు. మీ దగ్గర కాలవ రోజూ ఉండేదే కాబట్టి వింతగా తోచవచ్చు, ఒకసారి ఆ ఆడవాళ్ల పక్కన నిలబడి చూడు. ఆ నీళ్లు ఇంకా చాలా చేలకు అందలేదు. అందాలి. మా తరం అడిగి అడిగి అలిసిపోయింది, మీ తరం వాళ్లు కూడా అడగాలి.

పండగలకు పిలిస్తే తప్పకుండా పో. నార్పల మండలం గూగూడులో కుళ్లాయిస్వామి పీర్ల పండగకు హిందువులే ఎక్కువమంది వస్తారు, అగ్నిగుండం తొక్కుతారు. ఉగాది రోజు దేవుని కడప వెంకటేశ్వరస్వామి గుడికి ముస్లింలు వచ్చి టెంకాయ కొడతారు, బీబీ నాంచారి మా ఇంటి ఆడపడుచు అని. దీన్ని ఎవరూ గొప్ప విషయంగా చెప్పుకోరు, తాతల నాటి నుంచి జరుగుతోంది అంటారు, అంతే.

పక్షులంటే ఇష్టమైతే హిందూపురం అవతల చిలమత్తూరు మండలం వీరాపురం పో. ఎర్రకాళ్ల కొంగలు ఏటా వచ్చి ఊరి నడుమ చింతచెట్ల మీదే గూళ్లు కడతాయి. రెట్ట వాసన, పిల్లల గోల, అన్నీ ఇళ్ల మీదే. అయినా ఊరివాళ్లు కొమ్మ కొట్టరు, కొట్టనివ్వరు. కడప జిల్లా లంకమల అడవి అంచున కలివికోడి ఉంది. 1900 తర్వాత ఎవరికీ కనబడక అంతరించిపోయిందనుకున్న పక్షి 1986లో మళ్లీ దొరికింది, పట్టి చూపించింది పక్షులు పట్టే స్థానికుడే. అది బతికేది పెద్ద చెట్ల అడవిలో కాదు, మనం పనికిరాని బీడు అని రాసేసే ముళ్లపొదల్లో. ఫైళ్లలో "బీడు" అని చూసినప్పుడల్లా నాకు ఆ పక్షి గుర్తొస్తుంది. నీకు కూడా భూముల ఫైళ్లు వస్తాయి కాబట్టి చెప్తున్నా.

కదిరికి పాతిక కిలోమీటర్ల దూరంలో తిమ్మమ్మ మర్రిమాను ఉంది, అయిదెకరాలకు పైగా పరుచుకుంది, 1989లో గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. వేమన సమాధి ఉన్న కటారుపల్లె కూడా ఆ చుట్టుపక్కలే. రెండూ ఒక్క ఆదివారం పని. లేపాక్షికి మాత్రం పూర్తి రోజు పెట్టుకో, వీరభద్రుడి గుడి పైకప్పు బొమ్మలు చూడ్డానికి మెడ నొప్పి పుట్టేదాకా తలెత్తి నిలబడాలి.

ఇల్లు చూసేటప్పుడు అద్దెకన్నా ముందు నీళ్ల సంగతి అడుగు, మే నెలలో కుళాయి ఎన్ని రోజులకొకసారి వస్తుందో ఓనర్ని కాకుండా పక్కింటివాళ్లను అడుగు. మిద్దె ఇల్లయితే వేసవి రాత్రులు పైన పడుకోవచ్చు, గాలి బాగుంటుంది. మాట గట్టిగా ఉంటుంది మావాళ్లది, కోప్పడుతున్నారనుకోకు. రైతు వస్తే కాగితాలు అడిగే ముందు "మీ పక్క వాన ఎట్లుందన్నా" అని అడుగు.

అమ్మగారిని ఫాల్గుణంలో రమ్మను, కదిరి లక్ష్మీనరసింహస్వామి బ్రహ్మోత్సవాలప్పుడు. రథం కదిలే రోజు జనం దవనం, మిరియాలు, పళ్లు రథం మీదికి విసురుతారు, కింద పడ్డ మిరియాలు ఏరుకుని ఇంటికి మందుగా తీసుకుపోతారు. కదిరి మల్లెలు కూడా అప్పటికి మొదలవుతాయి. పాకాల–ధర్మవరం రైలు మార్గంలోనే కదిరి స్టేషను, తిరుపతి దర్శనం చేసుకుని అటునుంచి అటే రావచ్చు. రథం రోజుకు లాడ్జీల్లో రూములు దొరకవు, ముందే చెప్పి పెట్టుకో.

జాయినయ్యాక నీ బ్రాంచి కింద ఏయే ఊళ్లు వస్తాయో ఇక్కడే రాయి. ఏ ఊళ్లో ఏ చెరువు కట్ట ఎక్కాలో, ఏ బావిలో మెట్లు దిగి చూడాలో ఒక్కొక్కటీ చెప్తాను.